మౌఖిక కథన వీడియోలకు క్యాప్షన్లు: ఏకరూప యానిమేషన్ – పాఠపరిష్కరణ దృష్టి

వ్యాససంగ్రహం:

మౌఖిక సాహిత్యాన్ని వీడియో రూపంలో నమోదు చేస్తున్న పరిశోధకులు క్యాప్షన్లను కూడా తామే కూర్చుకోవలసి వస్తోంది. వందలాది క్యాప్షన్లకు ఒకే రకమైన టెక్స్ట్ యానిమేషన్‌ను వర్తింపజేయడం పైకి కేవలం సాంకేతికమైన పనిగా కనిపిస్తుంది. నిజానికి అది పాఠపరిష్కరణలో భాగమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. బోథ్ ప్రాంతంలో నమోదు చేసిన ఒక కథనాన్ని ఆధారంగా చేసుకొని క్యాప్షన్ నిడివి, తెలుగు అక్షర స్వరూపం, నకలు పద్ధతికీ సూత్ర పద్ధతికీ ఉన్న భేదం, కథనంలోని గొంతుల వర్గీకరణ అనే అంశాలను చర్చిస్తుంది.

కీలకపదాలు: క్యాప్షన్, యానిమేషన్, మౌఖిక కథనం, మాండలికం, అక్షరం, యూనికోడ్, పాఠపరిష్కరణ, బోథ్.

1. ప్రస్తావన

ఆదిలాబాద్ జిల్లాలోని బోథ్ మండలం మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉంది. ఇక్కడి తరగతి గదిలో తెలుగు, గోండి, మరాఠీ, లంబాడీ, ఉర్దూ మాతృభాషలుగా గల విద్యార్థులు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే కథలను సెల్‌ఫోనులో రికార్డు చేసి తెమ్మని మా విద్యార్థులకు చెప్పడం కొన్నేళ్లుగా నాకు అలవాటు. అలా వచ్చినవాటిలో డెబ్బై ఏళ్లు దాటిన ఒక అవ్వ చెప్పిన కరువు కాలపు కథ ఒకటి. ఇరవై రెండు నిమిషాల వీడియో. మధ్యమధ్య పాట ఉంది. పక్కన కూర్చున్న మనుమరాలు ఊ కొడుతూ ఉంటుంది.

దీనిని మాండలిక పాఠంగా తరగతిలో ఉపయోగించాలంటే క్యాప్షన్లు అవసరమయ్యాయి. బయటి ప్రాంతపు శ్రోతకు ఈ ఉచ్చారణ మొదటిసారి పూర్తిగా అందదు. మొత్తం మూడు వందలకు పైగా క్యాప్షన్లు తయారయ్యాయి. ప్రతిదీ మెల్లగా తేలివచ్చి మెల్లగా మాయమైతే చూడడానికి హాయిగా ఉంటుందని అనుకున్నాను. ఒక క్యాప్షన్‌కు యానిమేషన్ కూర్చడానికి రెండు నిమిషాలు పట్టింది. మిగిలిన వాటికి దానినే వర్తింపజేయడానికి మూడు రోజులు పట్టింది. ఆ తరువాత మొత్తం చెరిపి మళ్లీ చేయవలసి వచ్చింది. ఎందుకు చెరపవలసి వచ్చిందన్నదే ఈ వ్యాసానికి మూలం. యానిమేషన్ బాగా రాకపోవడం వల్ల కాదు, పాఠం తప్పు కావడం వల్ల.

2. పరిభాష

వీడియో మీద కనిపించే మాటలన్నీ సాంకేతికంగా ఒక జాతివి కావు. సాధారణ క్యాప్షన్ అంటే పాఠం, దానికి జతగా మొదలయ్యే సమయం, ముగిసే సమయం. ఎస్‌ఆర్‌టి అనే ప్రసిద్ధమైన ఫైలులో ఇంతకుమించి ఏమీ ఉండదు. వరుస సంఖ్య, సెకనులో వెయ్యో వంతు వరకు రాసిన రెండు సమయాలు, కింద పాఠం, తరువాత ఒక ఖాళీ వరుస. నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదువుకోవచ్చు. ఇందులో చలనానికి చోటు లేదు.

రెండో జాతి గ్రాఫిక్. ఇక్కడ ప్రతి క్యాప్షన్ టైమ్‌లైన్ మీద ఒక విడి వస్తువు. దానికి స్థానం, పరిమాణం, పారదర్శకత వంటి గుణాలుంటాయి. ఒక గుణానికి ఒక క్షణంలో ఒక విలువను, మరో క్షణంలో మరో విలువను నిర్ణయించే గుర్తును కీఫ్రేమ్ అంటారు. రెండు కీఫ్రేముల మధ్య విలువలను సాఫ్ట్‌వేర్ తానే పూరిస్తుంది. మనం యానిమేషన్ అంటున్నది దీనినే.

అక్షరాల ముఖం, సైజు, రంగు వంటి నిశ్చల గుణాలను క్యాప్షన్లన్నింటికీ ఒకేసారి ఇవ్వడం సులభం. ప్రీమియర్ ప్రోలో క్యాప్షన్ ట్రాకుకు ఒక స్టైల్ ఇస్తే ఆ ట్రాకులోనివన్నీ దానిని అనుసరిస్తాయి. డావించి రిజాల్వ్‌లోని సబ్‌టైటిల్ ట్రాకు కూడా ఇలాగే పని చేస్తుంది. చలనం దగ్గరికి వచ్చేసరికి ఈ సౌకర్యం తెగిపోతుంది. ప్రీమియర్‌లో క్యాప్షన్‌కు కీఫ్రేములు పెట్టాలంటే ముందుగా దానిని గ్రాఫిక్‌గా మార్చాలి. 2025లో వచ్చిన డావించి రిజాల్వ్ 20వ వెర్షన్‌లో చలించే సబ్‌టైటిళ్లు ప్రత్యేక సౌకర్యంగా చేరాయి. ఫోను యాప్‌లలో చాలావాటికి ‘అన్నింటికీ వర్తింపజేయి’ అనే మీట ఉంది. అది నొక్కితే పని అయిపోతుంది. ఏ పని అయిందో మాత్రం ఆ మీట చెప్పదు.

3. నిడివి భేదం: ఒకే చలనం ఒకటిగా ఉండదు

కథ చెప్పేవారు సమానమైన ముక్కలుగా మాట్లాడరు. అవ్వ కథనంలో ‘ఇగ’ అని ఆగిన క్యాప్షన్ ఒక సెకను కూడా లేదు. ఆ వెంటనే వచ్చిన వాక్యం ఆరు సెకన్లుంది. ఒకే చలనాన్ని ఈ రెండింటికీ ఇవ్వడమంటే ఏమిటి?

ఆరు సెకన్ల క్యాప్షన్‌ను నమూనాగా తీసుకుందాం. మొదటి 0.3 సెకనులో అది తేలివస్తుంది. చివరి 0.2 సెకనులో, అంటే 5.8 దగ్గర మొదలై 6.0 దగ్గరికి, మాయమవుతుంది. ఈ కీఫ్రేములను రెండు సెకన్ల క్యాప్షన్‌కు నకలు చేస్తే ప్రవేశం సరిగానే ఉంటుంది. మాయమయ్యే కీఫ్రేములు మాత్రం 5.8 సెకన్ల దగ్గర, క్యాప్షన్ ఆవలి శూన్యంలో పడతాయి. కాబట్టి అది చటుక్కున తెగిపోతుంది. నమూనాగా రెండు సెకన్లదాన్ని తీసుకొని ఆరు సెకన్లదానికి అతికిస్తే ఇంతకంటే నష్టం. రెండో సెకనుకే క్యాప్షన్ మాయమై, మిగిలిన నాలుగు సెకన్లూ అవ్వ మాట్లాడుతూనే ఉంటుంది, తెర మీద ఏమీ ఉండదు. నా మొదటి ప్రయత్నంలో పొడవైన వాక్యాలన్నింటికీ పట్టిన గతి ఇదే.

సాఫ్ట్‌వేర్లు దీనికి ఇచ్చే మొదటి పరిష్కారం సాగదీయడం. ప్రీమియర్‌లో గుణాలను అతికించేటప్పుడు కాలాన్ని నిడివికి తగ్గట్టు సర్దే ఎంపిక ఒకటి ఉంది. దానిని ఎంచుకుంటే చలనం ఎక్కడా తెగదు, అంతా నిష్పత్తిలో మారుతుంది. రెండు సెకన్లదానికి 0.3 సెకను పట్టిన ప్రవేశం ఆరు సెకన్లదానికి 0.9 సెకను పడుతుంది. గణితం దృష్టిలో ఇది సమానత్వమే. చూసేవారికి మాత్రం పొడవైన వాక్యాలు బద్ధకంగా, పొట్టి వాక్యాలు హడావిడిగా వస్తున్నట్టు తోస్తుంది. లేని లయ ఒకటి కథనం మీదికి వచ్చి కూర్చుంటుంది. మౌఖిక కథనంలో లయే అధ్యయన వస్తువు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

సరైన పరిష్కారం కట్టు ఎక్కడ వేయాలో తెలుసుకోవడంలో ఉంది. ప్రీమియర్‌లో ఒక ఎఫెక్టును ప్రీసెట్‌గా భద్రపరిచేటప్పుడు మూడు పద్ధతులు కనిపిస్తాయి: నిడివికి తగ్గట్టు సాగేది, ఆది బిందువుకు కట్టినది, అంత్య బిందువుకు కట్టినది. ప్రవేశ చలనాన్ని ఆదికి కట్టిన ప్రీసెట్‌గా, నిష్క్రమణ చలనాన్ని అంత్యానికి కట్టిన ప్రీసెట్‌గా విడివిడిగా భద్రపరచాలి. తరువాత క్యాప్షన్ గ్రాఫిక్‌లన్నింటినీ ఎంచుకొని రెండింటినీ వేరు వేరు ఎఫెక్టులుగా వాటి మీద వేయాలి. అప్పుడు ఏ క్యాప్షన్ ఎంత నిడివి ఉన్నా ప్రవేశం 0.3 సెకనే, నిష్క్రమణ 0.2 సెకనే. మధ్యభాగం మాత్రమే సాగుతుంది, కుంచించుకుపోతుంది. మోషన్ గ్రాఫిక్స్ టెంప్లేట్లలో ఆద్యంతాలకు రక్షిత భాగాలను నిర్ణయించే ఏర్పాటు కూడా ఈ పనికే ఉద్దేశించినది.

క్యాప్షన్లన్నింటినీ ఒకే మూటగా కట్టి ఆ మూటకు చలనం ఇస్తే సరిపోతుంది కదా అని మా విద్యార్థి ఒకరు అడిగారు. సరిపోదు. అలా చేస్తే ఇరవై రెండు నిమిషాలకు ఒక ప్రవేశం, ఒక నిష్క్రమణ మాత్రమే దక్కుతాయి.

4. చలనానికి ప్రమాణం: అక్షరం అంటే ఏది?

మాటలు ఒక్కొక్క అక్షరంగా, టైపు కొడుతున్నట్టు తెర మీదికి రావడం బాగా ప్రచారంలో ఉన్న యానిమేషన్. ఇంగ్లీషుకు సరిపోయే ఈ పద్ధతి తెలుగు దగ్గర చిక్కుపడుతుంది. చిక్కు ఎక్కడుందో చూడడానికి మా ఊరి పేరే చాలు.

‘బోథ్’ అనే మాట కంప్యూటరులో నాలుగు సంకేతాలుగా నిల్వ ఉంటుంది: బకారం, ఓత్వం, థకారం, పొల్లు. సంకేతానికి ఒకటి చొప్పున చూపే యానిమేషన్‌లో తెర మీద వరుసగా బ, బో, బోథ, బోథ్ కనిపిస్తాయి. మూడో దశలో ఉన్నది మా ఊరి పేరు కాదు, అజంతమైన వేరే మాట. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరంలో ఆరు సంకేతాలున్నాయి. అది స, స్, స్త, స్త్, స్త్ర, స్త్రీ అని ఆరు రూపాలు దాల్చి గానీ నిలబడదు. చూసేవారికి అక్షరం రాసినట్టు ఉండదు, తడబడినట్టు ఉంటుంది. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల్లో ట్ తరువాత వ వత్తుగా మారకుండా ఆపడానికి కంటికి కనిపించని సంకేతం ఒకటి వేస్తాం. యానిమేషన్ దానిని కూడా లెక్కపెట్టి, ఏమీ చూపకుండానే ఒక అడుగు ఆగుతుంది.

యూనికోడ్ ప్రమాణం ఇలాంటి సంకేతాలను గుచ్ఛాలుగా కూర్చే నియమాలను నిర్ణయించింది. చాలాకాలం పాటు ఆ నియమాల ప్రకారం ‘స్త్రీ’ అంటే స్, త్, రీ అనే మూడు గుచ్ఛాలు. 2023లో విడుదలైన 15.1 వెర్షన్‌లో చేర్చిన నియమంతో తెలుగుతో పాటు దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళ లిపుల్లోని సంయుక్తాక్షరాలు ఒకే గుచ్ఛంగా లెక్కకు వస్తున్నాయి. మన వ్యాకర్తలు, ఛందోవేత్తలు శతాబ్దాలుగా ఒకే అక్షరంగా లెక్కించినదాన్ని ప్రమాణం ఇప్పుడు అంగీకరించిందన్నమాట. అయితే మన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ నియమాలను పాటిస్తోందో పైకి కనిపించదు. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘లక్ష్మి’ అని మూడు మాటలు రాసి, చలనం ఇచ్చి, నెమ్మదిగా నడిపించి చూడడమే పరీక్ష.

ఇంత చేసినా యూనికోడ్ గుచ్ఛం, ఛందస్సులోని అక్షరం పూర్తిగా ఒకటి కావు. ‘వచ్చెన్’ అన్నప్పుడు చివరి పొల్లు ముందరి అక్షరంలో చేరి దానిని గురువు చేస్తుంది. ఛందస్సులో ఆ మాటకు రెండే అక్షరాలు. యూనికోడ్ లెక్కలో వ, చ్చె, న్ అని మూడు గుచ్ఛాలు. ‘బోథ్’ ఛందస్సులో ఒక అక్షరం, యూనికోడ్‌లో రెండు గుచ్ఛాలు, నిల్వలో నాలుగు సంకేతాలు. ఒకే మాటకు మూడు లెక్కలు. పాటకు, పద్యానికి అక్షర చలనం కూర్చాలనుకునేవారు ఏ లెక్కను అనుసరిస్తున్నారో ముందే చెప్పుకోవాలి. పద్యం నడకను తెర మీద చూపే పాఠ్యవీడియోలకు ఇది మంచి పరిశోధనాంశం కూడా.

వచన కథనానికి మాత్రం నా సూచన సూటిగా ఉంటుంది: చలనానికి పదాన్ని గానీ మొత్తం క్యాప్షన్‌ను గానీ ప్రమాణంగా తీసుకోవాలి, అక్షరాన్ని కాదు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో టెక్స్ట్ యానిమేటర్‌కు అక్షరాలు, పదాలు, పంక్తులు అనే ప్రమాణాల్లో ఒకటి ఎంచుకునే అవకాశం ఉంది. అక్కడ పదాలను ఎంచుకుంటే ఈ గండం తప్పుతుంది. దానికి ముందు టెక్స్ట్ ఇంజన్ తెలుగు లిపిని సరిగా కూర్చేదై ఉండేలా చూసుకోవాలి. లేకపోతే యానిమేషన్ సంగతి అటుంచి, వత్తులే విడిపోయి పక్కన నిలబడతాయి.

5. నకలా, సూత్రమా?

ఒక చలనాన్ని అనేక క్యాప్షన్లకు వర్తింపజేసే మార్గాలు పైకి ఎన్ని కనిపించినా మౌలికంగా రెండే. ఒకటి నకలు. ఒక క్యాప్షన్‌లోని గుణాలను కాపీ చేసి మూడు వందలవాటికి అతికించడం. అతికించిన మరుక్షణం నుంచి ప్రతి క్యాప్షన్ స్వతంత్రం. చలనంలో మార్పు కావాలంటే మళ్లీ మూడు వందల చోట్ల అతికించాలి. రెండోది సూత్రం. చలనాన్ని ఒక చోట నిర్వచించి, ‘ఈ వర్గానికి చెందినవన్నీ దీనిని అనుసరిస్తాయి’ అని చెప్పడం. వ్యాకరణంలోని అధికార సూత్రం కూడా ఇటువంటిదే. అది ఒక్కసారి చెప్పబడి తరువాతి సూత్రాలన్నింటిలోకి అనువర్తిస్తుంది. ప్రతి సూత్రంలోనూ దానిని మళ్లీ రాయరు.

నేను మొదట నకలు మార్గాన్నే పట్టాను. క్యాప్షన్లన్నింటినీ గ్రాఫిక్‌లుగా మార్చి, చలనం అతికించి, వీడియోను అవ్వ ఇంటికి తీసుకువెళ్లాను. ఆమెకు చదవడం రాదు. మనుమరాలు తెర మీది క్యాప్షన్లను పైకి చదువుతూ ఉంటే విన్నది. ‘బిడ్డను సంకనేసుకొని నడిచింది’ అన్నచోట ఆపించింది. “నేను నడిసింది అన్న బిడ్డా, నడిచింది అనలే. గట్ల మేం అనం” అన్నది.

తప్పు నాది. లిప్యంతరీకరణ చేసేటప్పుడు చేతికి అలవాటైన ప్రామాణిక రూపం నాకు తెలియకుండానే పడింది. వెనక్కి వెళ్లి ఆడియోతో పోల్చి చూస్తే అలాంటివి నలభై దాకా బయటపడ్డాయి. ‘గప్పుడు’ అన్నది ‘అప్పుడు’ అయింది. ‘ఏంజేస్తది’ అన్నది ‘ఏం చేస్తది’ అయింది. మాండలిక పాఠమని పేరుపెట్టి తరగతిలో చూపబోయే వీడియో ఇది! అప్పటికి క్యాప్షన్లు గ్రాఫిక్‌లైపోయాయి. వాటికీ మూలమైన క్యాప్షన్ ట్రాకుకూ సంబంధం తెగిపోయింది. వాటిలో చేసిన సవరణ ఎస్‌ఆర్‌టి ఫైలులోకి రాదు, ఫైలులో చేసినది వాటిలోకి పోదు. ప్రతి తప్పునూ రెండు చోట్ల దిద్దాలి. రెండు ప్రతులు వేరు వేరుగా మారిపోతే ఏది మూలమో చెప్పలేని స్థితి వస్తుంది. తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి ఈ చిక్కు కొత్తది కాదు.

ఒప్పుకోవలసిన మాట ఇంకొకటి ఉంది. ఆ సాయంత్రం నలభై సవరణల శ్రమను తలచుకొని, ‘అర్థం మారదు కదా, వదిలేద్దాం’ అనే ఆలోచన నాకు వచ్చింది. సవరించడం ఎంత కష్టమైతే తప్పు అంత కాలం బతుకుతుంది. కాబట్టి చలనాన్ని ఏ పద్ధతిలో వర్తింపజేశామన్నది పాఠం శుద్ధిని నేరుగా ప్రభావితం చేస్తుంది.

రెండో ప్రయత్నానికి ఏజిసబ్ అనే ఉచిత సబ్‌టైటిల్ సాఫ్ట్‌వేర్‌ను తీసుకున్నాను. ఇది ఉపయోగించే ఏఎస్‌ఎస్ ఫైలులో రెండు ప్రధాన భాగాలుంటాయి. ఒక భాగంలో స్టైళ్ల నిర్వచనాలు, మరొక భాగంలో క్యాప్షన్ వరుసలు. ప్రతి వరుస తాను ఏ స్టైలుకు చెందినదో పేరుతో చెబుతుంది. స్టైలులో అక్షరముఖం, సైజు, రంగు, అంచులు ఇమిడిపోతాయి. చలనం మాత్రం స్టైలులో ఇమడదు, వరుసలోనే ట్యాగుగా రాయాలి. ఫేడ్ ట్యాగులో రెండు సంఖ్యలుంటాయి. మొదటిది ఆది నుంచి, రెండోది అంత్యం నుంచి లెక్క. అందువల్ల మూడో విభాగంలో చర్చించిన నిడివి సమస్య ఇక్కడ అసలు తలెత్తదు.

ట్యాగును ప్రతి వరుసలో రాయడం మళ్లీ నకలే అవుతుంది కదా? దీనికి ఏజిసబ్‌లో కరియోకే టెంప్లేటర్ అనే ఏర్పాటు ఉంది. కామెంటుగా గుర్తించిన ఒక వరుసలో స్టైలు పేరు, టెంప్లేటు అన్న సూచన, కావలసిన చలనం ట్యాగు రాస్తాం. ఆటోమేషన్ మెనూలో ‘అప్లై కరియోకే టెంప్లేట్’ నొక్కితే ఆ స్టైలుకు చెందిన ప్రతి వరుసకూ చలనంతో కూడిన కొత్త వరుస పుడుతుంది. మూల వరుసలు చెరిగిపోవు, కామెంట్లుగా మారి అక్కడే ఉంటాయి. మూలంలో ‘నడిచింది’ని ‘నడిసింది’ అని దిద్ది మళ్లీ నొక్కితే పాత ఉత్పన్న వరుసలు పోయి కొత్తవి వస్తాయి. చలనం వేగం మార్చాలంటే టెంప్లేటులో ఒక సంఖ్య మారిస్తే చాలు. మూలపాఠం ఒక చోట, దాని ప్రసాధనం మరో చోట ఉంటాయి. రెండోది మొదటిదాని నుంచి ఎన్నిసార్లయినా పుడుతుంది. నలభై సవరణలూ ఒక గంటలో పూర్తయ్యాయి.

పూర్తయిన ఫైలును వీడియోలో స్థిరంగా ముద్రించడానికి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వంటి ఉచిత సాధనం చాలు. దాని సబ్‌టైటిల్ విభాగం తెలుగు వత్తులను సక్రమంగా కూర్చాలంటే అది హార్ఫ్‌బజ్ అనే అక్షరకూర్పు గ్రంథాలయంతో కలిపి నిర్మించినదై ఉండాలి. ముద్రించని ఫైలును కూడా తప్పక దాచుకోవాలి. ముద్రించిన వీడియోలోని పాఠాన్ని ఎవరూ వెతకలేరు, దిద్దలేరు, పదసూచికలోకి ఎక్కించలేరు.

ప్రీమియర్‌తోనే పనిచేసేవారు ఈ క్రమాన్ని ఇలా పాటించవచ్చు: క్యాప్షన్ ట్రాకులోనే పాఠం పూర్తిగా దిద్దడం, వక్తకు వినిపించడం, ఎస్‌ఆర్‌టిగా భద్రపరచడం, ఆ తరువాతే గ్రాఫిక్‌గా మార్చడం. గ్రాఫిక్ దశ వచ్చాక తప్పు కనబడితే ఎస్‌ఆర్‌టిని దిద్ది, గ్రాఫిక్‌లను తీసేసి మళ్లీ పుట్టించాలి. ఆద్యంతాలకు కట్టిన ప్రీసెట్లు ముందే సిద్ధంగా ఉంటాయి కాబట్టి రెండోసారి పని తక్కువ. గ్రాఫిక్ మీద నేరుగా దిద్దే అలవాటును మాత్రం మొదటి రోజే మానుకోవాలి.

6. అన్నింటికీ ఒకటేనా?

ఇంతవరకు ‘అన్ని క్యాప్షన్లకూ ఒకే చలనం’ అనే కోరికను ప్రశ్నించకుండా స్వీకరించాను. అవ్వ కథనంలో మూడు గొంతులున్నాయి. కథ చెప్పే వచనం, మధ్యలో ఎత్తుకునే పాట, మనుమరాలి ఊ. మూడింటినీ ఒకే విధంగా తేలివచ్చేటట్టు చేస్తే చదివేవారికి అవి ఒకే గొంతుగా అనిపిస్తాయి. పాట ఎక్కడ మొదలైందో, ఊ ఎవరు కొట్టారో క్యాప్షన్ చెప్పదు.

మౌఖిక ప్రదర్శనను కాగితం మీదికి తెచ్చేటప్పుడు ఇదే ప్రశ్నను అమెరికా మానవశాస్త్రవేత్త డెనిస్ టెడ్‌లాక్ ఎదుర్కొన్నారు. జూనీ తెగ కథలను 1972లో ‘ఫైండింగ్ ద సెంటర్’ పేరుతో ప్రచురించినప్పుడు ఆయన వాటిని వచన పేరాలుగా అచ్చువేయలేదు. కథకుడు ఆగినచోట పంక్తి విరిచారు. గొంతు పెంచినచోట పెద్ద అక్షరాలు వాడారు. అచ్చు రూపమే ప్రదర్శనకు సంకేతలిపి అయింది. వీడియో క్యాప్షన్‌లో చలనానికి కూడా ఈ శక్తి ఉంది. దానిని అలంకారంగా ఖర్చుచేస్తే సంకేతంగా వాడుకునే అవకాశం పోతుంది.

మన దేశంలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి 1996లో ప్రతిపాదించిన సమభాషా సబ్‌టైట్లింగ్‌ను 1999లో గుజరాతీ సినీగీతాల కార్యక్రమం ‘చిత్రగీత్’తో దూరదర్శన్‌లో మొదలుపెట్టారు. పాట ఏ భాషలో ఉంటే అక్షరాలూ ఆ భాషలోనే. పాడుతున్న మాట రంగు మారుతూ సాగుతుంది. ప్రతి పాటకూ, ప్రతి పంక్తికీ అదే చలనం. దాని ఉద్దేశం చదవడం అంతంత మాత్రంగా వచ్చినవారి కంటిని చెవితో పాటు నడిపించడం. అక్కడ ఏకరూపతకు కారణం ఉంది కాబట్టే అది పనిచేసింది.

దీనిని దృష్టిలో ఉంచుకొని అవ్వ కథనానికి మూడు స్టైళ్లు, మూడు టెంప్లేట్లు ఏర్పాటు చేశాను. వచనానికి 0.2 సెకను ప్రవేశం, అంతే నిష్క్రమణ. అది చలనమని కూడా గుర్తించనంత స్వల్పం. పాటకు మాత్రమే పదం తరువాత పదం రంగు మారే చలనం. దానికోసం ప్రతి పదానికీ సమయం గుర్తించే శ్రమ పడవలసి వచ్చింది. పాట మూడు నిమిషాలే కాబట్టి సాధ్యమైంది. ఊకు చలనమే లేదు. తెర కుడివైపు చిన్న అక్షరాలతో చటుక్కున వచ్చి పోతుంది. విన్నప్పుడు కూడా అది అలాగే ఉంటుంది.

కాబట్టి ‘అన్నింటికీ ఒకే యానిమేషన్’ అన్నదాన్ని ‘ఒక వర్గంలోని అన్నింటికీ ఒకే యానిమేషన్’ అని సవరించుకోవాలి. వర్గీకరణ సాఫ్ట్‌వేర్ చేసేది కాదు. ఏ పలుకు వచనం, ఏది పాట, రాగం తీస్తూ చెప్పిన వచనాన్ని ఎందులో వేయాలి అన్నవి జానపద పరిశోధకుడు తేల్చవలసిన ప్రశ్నలు. రాగం తీసిన వచనాన్ని నేను వచనంలోనే ఉంచాను. మరొకరు నాలుగో వర్గం చేయవచ్చు. వర్గం ఏదైనా, అందులో ఒక్క క్యాప్షన్ కూడా తప్పిపోకూడదు. మూడు వందలలో ఒకటి వేరుగా కదిలితే చూసేవారు అక్కడ ఏదో విశేషం ఉందని భావిస్తారు. నకలు పద్ధతిలో ఇలాంటి పొరపాటు పట్టుబడదు. స్టైలు పేరున్న ఫైలులో వరుసలను స్టైలు ప్రకారం అమర్చి చూస్తే నిమిషంలో దొరుకుతుంది.

చలనానికి పరిమితి కూడా ఉండాలి. వెబ్ సామగ్రి అందరికీ అందుబాటులో ఉండాలని నిర్దేశించే అంతర్జాతీయ మార్గదర్శకాలు ఏదీ సెకనుకు మూడుసార్లకు మించి మెరవకూడదంటాయి. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి అది ప్రమాదం. అంతదాకా పోకపోయినా, కదులుతున్న మాటను చదవలేము. 0.9 సెకను ఉన్న ‘ఇగ’కు 0.3 సెకను ప్రవేశం, 0.3 సెకను నిష్క్రమణ ఇస్తే చదవడానికి మిగిలేది 0.3 సెకను. నా అనుభవంలో సెకను కంటే తక్కువ నిడివి గల క్యాప్షన్లను పక్కదానితో కలపడం మంచిది. కలపడానికి అర్థం ఒప్పుకోకపోతే చలనం లేని వర్గంలో ఉంచాలి.

7. గోండి కథనాల ముందున్న అదనపు మెట్టు

బోథ్ చుట్టుపక్కల నమోదు చేయవలసిన కథల్లో చాలా భాగం గోండిలో ఉంది. వాటికి రెండు క్యాప్షన్లు కావాలి. ఒకటి గోండి మాట, రెండోది తెలుగు అర్థం. గోండి మాటను ఏ లిపిలో రాయాలన్నది మొదటి ప్రశ్న. ఈ జిల్లాలోని నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల ద్వారా వెలుగులోకి వచ్చిన గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్ 11.0 వెర్షన్‌లో స్థానం లభించింది. మంగళ్‌సింగ్ మసారాం 1918లో రూపొందించిన మసారాం గోండి లిపి అంతకు ముందు ఏడాదే 10.0 వెర్షన్‌లో చేరింది. గుంజాల లిపికి నోటో కుటుంబంలో ఉచిత ఫాంటు ఉంది. అయితే యూనికోడ్‌లో చోటు, ఫాంటు ఉన్నంత మాత్రాన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆ అక్షరాలను సరిగా కూర్చుతుందనీ, కూర్చినదాన్ని చలనంలో చెదరనివ్వదనీ చెప్పలేం. సంయుక్తాక్షరాలను ఒకే గుచ్ఛంగా లెక్కించమని 15.1లో చేర్చిన నియమం పైన పేర్కొన్న ఆరు లిపులకే వర్తించింది, వాటిలో గుంజాల గోండి లేదు. కాబట్టి ఆ లిపిలో అక్షరం చొప్పున చలనం జోలికి పోకుండా క్యాప్షన్ మొత్తాన్ని ఒక్కటిగా కదిలించడమే క్షేమం.

రెండో ప్రశ్న క్రమానికి సంబంధించినది. గోండి వాక్యం, తెలుగు అర్థం ఒకేసారి ఒకే చలనంతో వస్తే మా విద్యార్థుల కళ్లు తెలుగు మీదికే పోతున్నాయి. గోండి మాతృభాషగా గలవారి కళ్లు కూడా! ప్రస్తుతం పరీక్షిస్తున్న ఏర్పాటులో గోండి క్యాప్షన్ వక్త గొంతుతో పాటు వస్తుంది, తెలుగు అర్థం 0.8 సెకను ఆలస్యంగా కింద తేలుతుంది. ఆ ఆలస్యం ప్రతి వాక్యానికీ విడిగా పెట్టినది కాదు, తెలుగు అర్థం అనే స్టైలుకు రాసిన టెంప్లేటులోని ఒక సంఖ్య. 0.8 ఎక్కువో తక్కువో ఇంకా తేలలేదు. వచ్చే సెమిస్టరులో గోండి చదివే విద్యార్థులతో, చదవలేని వాళ్ల పెద్దలతో కలిసి కూర్చొని ఆ సంఖ్యను మార్చి చూడవలసి ఉంది.